రెండు తొంభైలు

మా వదినని మా ప్రయోగశాలలో అందరూ వదిన అనే పిలుస్తారు. మొదట్లో నేనొక్కదాన్నే పిలిచేదాన్ని, అది నా హక్కు. తర్వాత పక్క గదివాళ్ళు అందుకున్నారు, ఆ తర్వాత వర్క్‌షాపువాళ్ళు, చివరికి మా విభాగం పెద్దాయన కూడా. ఆయన వదిన కంటే పన్నెండేళ్ళు పెద్ద. ఆయన నోటినుంచి "వదినగారూ" అని వినపడ్డప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది. వరస నాది, వాడకం ఊరందరిదీ.

నన్ను మాత్రం వెనకాల చిటపట అంటారు. ఎందుకో విడమరిచి చెప్పనక్కర్లేదనుకుంటాను.

అసలు ఈ ఉద్యోగం ఖాళీగా ఉందని నాకు కాగితం ముక్క తెచ్చి ఇచ్చింది కూడా వదినే. అన్నయ్యని పెళ్ళి చేసుకునే నాటికే ఆవిడ ఇక్కడ పరికరాలు బిగించే పనిలో ఉంది. నేను లెక్కలు చదివి ఇంట్లో ఖాళీగా కూర్చుని అందరి మీదా విసుక్కుంటున్న రోజులవి. "ఆ విసుగేదో మా దగ్గరికొచ్చి కంప్యూటర్ల మీద చూపించు" అంది. అలా వచ్చి పదకొండేళ్ళయింది. వాళ్ళు కింద వాటాలో ఉంటారు, నేను పై వాటాలో ఉంటాను, వంట మాత్రం కిందే.

మా పని గురించి కాస్త చెప్పాలి. దూరపు గెలాక్సీల నడిబొడ్డులో అయస్కాంత క్షేత్రం ఎటు నుంచి ఎటు పోతోందో మేం పటం గీస్తాం. క్షేత్రం ఎవరికీ కనపడదు, ఎంత పెద్ద టెలిస్కోపుకైనా కనపడదు. కనపడేది ధూళి. ఆ ధూళి రేణువులు కొంచెం పొడుగ్గా, బియ్యపు గింజల్లా ఉంటాయి. క్షేత్రం ఉన్నచోట అవి దానికి అడ్డంగా, ఒకే తీరున నిలబడతాయి. వాటిలో ఉన్న కాస్త వెచ్చదనమే పరారుణ కాంతిగా బయటికి వస్తుంది. ఆ కాంతి రేణువు పొడుగు ఎటుంటే అటే ఎక్కువగా ఊగుతుంది. దాన్నే ధ్రువణం అంటారు. కాంతి ఎటు ఊగుతోందో కొలిచి, దాన్ని తొంభై డిగ్రీలు తిప్పి గీత గీస్తే అది క్షేత్రం. తిప్పడం మర్చిపోతే పటంలో అడ్డం నిలువవుతుంది, నిలువు అడ్డమవుతుంది. నా గొడవంతా ఆ తొంభైతోనే.

కొలిచే పరికరంలో ముఖ్యమైనది అరచేయంత స్ఫటికపు బిళ్ల. అది కాంతి దారిలో కొంచెం కొంచెంగా తిరుగుతుంది. బిళ్ల ఒక డిగ్రీ తిరిగితే లోపలికి వచ్చే కాంతి ఊగే దిక్కు రెండు డిగ్రీలు తిరుగుతుంది. బిళ్ల అంచు చుట్టూ ఎనిమిది గాట్లు ఉంటాయి, నలభై ఐదు డిగ్రీలకొకటి. వాటిలో ఒక్క గాటు పక్కన మాత్రం గసగసాల గింజంత చుక్క ఉంటుంది. ఆ చుక్క పైకి వచ్చేలా బిగించాలి. బిగించాక అంచంతా చట్రంలోకి పోతుంది, చుక్క ఇక కనపడదు. పొరపాటున పక్క గాటు పైకొస్తే నలభై ఐదుకి రెట్టింపు, అంటే మళ్ళీ తొంభై డిగ్రీలు, లెక్క తప్పుతుంది. ఆ బిళ్లని బిగించేది వదిన. పదిహేడేళ్ళుగా ఆవిడ తప్ప ఇంకొకరు దాన్ని ముట్టుకోలేదు.

ఆ శుక్రవారం పొద్దున్న మా కొత్త పటం తెర మీద వేశాను. ఆర్నెల్ల పని అది. మూడు కోట్ల కాంతి సంవత్సరాల అవతలి గెలాక్సీ, దాని చేతులు సుడి తిరుగుతూ నడిబొడ్డులోకి చేరతాయి. క్షేత్రం కూడా ఆ చేతుల వెంబడే లోపలికి పోతుందని అందరి అంచనా. మా పటంలో మాత్రం గీతలన్నీ చేతులకి అడ్డంగా, చేపముళ్ళలా నిలబడి ఉన్నాయి.

పెద్దాయన కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు.

"అంచుల్లో వేరేవాళ్ళు రేడియో టెలిస్కోపుతో కొలిచినవి ఉన్నాయి కదమ్మా. వాటితో పోల్చావా?"

"పోల్చాను సార్. ఎక్కడ చూసినా తొంభై తేడా."

"నువ్వు తిప్పాల్సిన తొంభై తిప్పావుగా?"

"తిప్పాను" అన్నాను. నా గొంతు అవసరమైన దానికంటే పెద్దగానే పలికింది.

"పదో పదిహేనో తేడా ఉంటే ఆ గెలాక్సీలో ఏదో వింత ఉందనుకుందును. అన్నిచోట్లా తూచినట్టు తొంభై అంటే వింత కాదు, మన చేతి పొరపాటే. బిళ్ల పక్క గాటు మీద కూర్చుంది."

ఆయన వదిన వైపు చూడలేదు. మిగతా అందరూ చూశారు. బిళ్లని తీసి శుభ్రం చేసి మళ్ళీ బిగించింది ఆర్నెల్ల కిందట. వదిన కుడికంట్లో శుక్లం తీయించుకుంది ఐదు నెలల కిందట. ఈ రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టడానికి ఎవరికీ కంప్యూటరు అక్కర్లేదు.

వదిన లేచి నిలబడింది. "ఆ వారం నాకు కన్ను మసగ్గానే ఉండేదండీ. పక్క గాటే పెట్టి ఉంటాను" అంది.

నేను తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. ఎందుకో చెప్పాలంటే ఏడాదిన్నర వెనక్కి వెళ్ళాలి.

అప్పుడు ఒక ధూళిమేఘానికి పరీక్షగా పటం గీశాం. నేను తొంభై తిప్పడం మర్చిపోయాను. దానికి వేరే పేరేమీ లేదు, మర్చిపోయాను. బయటినుంచి వచ్చినవాళ్ళు పదకొండు మంది గదిలో ఉన్నారు. వాళ్ళలో ఒకాయన పటం చూసి నవ్వాడు. ఆ నవ్వు వినగానే నా కోపం ముక్కు మీదికొచ్చింది. "నేను తిప్పాను, పట్టికలో తప్పుంది" అనేశాను. పట్టిక వదినది. బిళ్ల ఏ గాటు దగ్గర ఉంటే ఎన్ని డిగ్రీలుగా లెక్కపెట్టాలో అందులో రాసి ఉంటుంది, నా ప్రోగ్రాం దాన్ని చదువుకుంటుంది. వెనక వరసలో ఉన్న వదిన ఒక్క క్షణం నావైపు చూసి, "అయ్యుండొచ్చు. చూసి సరిచేస్తాను" అంది. ఇంటికొచ్చాక కూడా ఆ మాటెత్తలేదు. ఎప్పటిలాగే అన్నం వడ్డించింది, పెరుగు వేసింది.

మర్నాడు నేను నా ప్రోగ్రాం చివర ఒక వరస చేర్చాను, తొంభై కలపమని. ఎవరికీ చెప్పలేదు. చెబితే మొన్నటిదాకా అది లేదని ఒప్పుకోవాలి. పట్టికలో నిజంగా తప్పేమీ లేదు కాబట్టి వదిన అందులో మార్చేదేమీ ఉండదనుకున్నాను. ఆ తర్వాత పరికరం ఏడాది పాటు మరమ్మతులో ఉంది. మళ్ళీ గీసిన మొదటి పటం ఈ గెలాక్సీదే. కాబట్టి శుక్రవారం నాడు వదిన తల దించుకుని నిలబడితే, నాలో ఒక మూల హమ్మయ్య అనిపించింది. ఈసారి నా తొంభై నేను కలిపాను, తప్పు నాది కాదు అని. ఇది రాయడానికి సిగ్గుగానే ఉంది.

దీపం పెట్టి బిళ్లని పరీక్షించడానికి మా దగ్గర సన్నటి తీగల జల్లెడ ఒకటి ఉండేది, టెలిస్కోపు ఉన్న కొండ మీదినుంచి పరికరాన్ని దించేటప్పుడు అది చిరిగిపోయింది. కొత్తది రావాలంటే రెండు నెలలు. అంతకాలం ఆగలేమన్నారు పెద్దాయన. మంగళవారం పొద్దున్న పరికరం విప్పాలని, వేరే విభాగంనుంచి వచ్చే ఫిట్టరు బిళ్లని చట్రంతో సహా ఒక గాటు జరిపి బిగించాలని, ఆ తర్వాత కొండెక్కించి మళ్ళీ కొలవాలని తేల్చారు.

ఆదివారం మధ్యాహ్నం కిందికి దిగేసరికి భోజనాల బల్ల మీద ఒక నాటకం జరుగుతోంది. వదిన అట్టపెట్టె కత్తిరించి అరచేయంత బిళ్ల చేసింది. అంచున బ్లేడుతో ఎనిమిది గాట్లు పెట్టింది, ఒకదాని పక్కన సూదిమొనతో చుక్క గుచ్చింది. తన పాత కళ్ళజోడు అద్దాలకి నూనె రాసి పెట్టుకుంది, ఆ వారం చూపు ఎలా ఉండేదో అలా ఉండాలని. అన్నయ్య ఎదురుగా ఈల మెడలో వేసుకుని నిలబడ్డాడు. వాడు బడిలో డ్రిల్లు మాస్టారు, ఇంట్లో కూడా ఆ అలవాటు పోదు.

"సిద్ధం!" అని అట్టబిళ్లని వీపు వెనక్కి తీసుకుని గిరగిరా తిప్పి వదిన చేతిలో పెట్టాడు.

వదిన దాన్ని చూడనే లేదు. బొటనవేలి గోరుని అంచు వెంబడి నడిపించింది. ఒకచోట గోరు ఆగింది. ఆ గాటుని పైకి తిప్పి బల్ల మీద పెట్టింది.

"పదిహేడు!" అన్నాడు అన్నయ్య, ఈల వేసి. "పదిహేడుకి పదిహేడూ ఒప్పే. మా బడిలో ఒక్కడికీ ఈ మార్కులు రాలేదు."

"పక్కింటివాళ్ళు పడుకుని ఉంటారు, ఆ ఈల ఆపండి" అంది వదిన. నన్ను చూసి నూనె కళ్ళజోడు తీసేసింది. "ఏం లేదులే. ఊరికే చూస్తున్నాను."

"నువ్వు గోటితో వెతుకుతావా?"

"కన్ను మోసం చేస్తుంది కదా. చుక్క గుచ్చిన చోట రవ్వంత గరుగ్గా ఉంటుంది. మొదటినుంచీ అంతే."

"అయితే కన్ను మసగ్గా ఉంటే ఏంటి నష్టం? నీకు చూపుతో పనే లేదుగా!"

"ఇది అట్ట, అది స్ఫటికం" అంది వదిన. "పటం తప్పు వచ్చింది కదా. మీ లెక్కలు అబద్ధం చెప్పవు. అంటే నా వేలే అబద్ధం చెప్పింది. యాభై దాటాక వేళ్ళు కూడా మొద్దుబారతాయేమో."

వదిన చేతి కింద ఏదో కాగితం ఉంటే లాగి చూశాను. పెద్దాయనకి ఉత్తరం. ఇకనుంచి బిగింపు పని తనకి ఇవ్వద్దని, స్టోర్సులో రిజిస్టరు రాసుకుంటానని. ఎర్రగీతల కాగితం మీద, గుండ్రటి అక్షరాలతో, ఒక్క కొట్టివేత లేకుండా రాసింది. అన్నయ్య కూడా అప్పుడే చదివినట్టున్నాడు, ఈల మెడలోంచి తీసి బల్ల మీద పెట్టేశాడు.

"ఆ పని లేకపోతే దీనికి పొద్దెలా పోతుందే?" అని నన్నడిగాడు, దానికి సమాధానం నా దగ్గరేదో ఉన్నట్టు. పైకి వెళ్ళిపోయాను.

సోమవారం అందరికంటే ముందు ఆఫీసుకి వెళ్ళాను. వదిన గోరు పదిహేడుసార్లు తప్పనిది ఆ ఒక్కసారీ ఎందుకు తప్పుతుంది? ప్రోగ్రాం జోలికి పోకుండా కాగితం, పెన్సిలు తీసుకున్నాను. గెలాక్సీ అంచులో, వేరేవాళ్ళు కొలిచిన చోటే, ఒక్క చుక్కని ఎంచుకున్నాను. బిళ్ల ఒక్కో నిలకడలో ఉన్నప్పుడు ఆ చుక్క ఎంత వెలుగిచ్చిందో ముడి అంకెలు దించుకున్నాను. వదిన బిళ్లని సరిగ్గానే బిగించిందనుకుని, పట్టిక చూడకుండా, చేత్తో లెక్క వేశాను. కాంతి ఊగే దిక్కు నూట పద్దెనిమిది వచ్చింది. తొంభై తిప్పితే రెండువందల ఎనిమిది. గీతకి తలా తోకా ఉండవు కాబట్టి నూట ఎనభై తీసేయొచ్చు. ఇరవై ఎనిమిది మిగిలింది.

వేరేవాళ్ళు కొలిచింది ముప్ఫై.

అంటే చేతిలెక్క ఒప్పే. మరి నా ప్రోగ్రాం ఆ చుక్కకే నూట పద్దెనిమిది అంటోంది. బిళ్ల సరిగ్గానే ఉంది, నా తొంభై సరిగ్గానే ఉంది, మధ్యలో ఇంకెవరో ఇంకో తొంభై తిప్పారు. ఏనాడూ తెరిచి చూడని వదిన పట్టికని తెరిచాను. ఉప్పు డబ్బాలో ఉప్పే ఉందా అని రోజూ ఎవరు చూస్తారు? పట్టిక చివరి వరసలో, గాట్లన్నిటికీ కలిపే అంకె దగ్గర, సున్నా ఉండాల్సిన చోట, నలభై ఐదు ఉంది. ఆ వరస మార్చిన తేదీ చూశాను. పదకొండు మంది ముందు నేను "పట్టికలో తప్పుంది" అన్న రోజుకి మర్నాడు.

వర్క్‌షాపులో వదిన మర్నాటి కోసం బోల్టులు తుడిచి, విప్పే వరసలో గుడ్డ మీద పేరుస్తోంది. తనని పక్కన పెట్టే పనికి తనే ఏర్పాట్లు చేస్తోంది.

"పట్టికలో నలభై ఐదు ఎందుకు కలిపావు?" అన్నాను.

బోల్టు తుడుస్తున్న చెయ్యి ఆగింది. తలుపు వైపు చూసి, ఎవరూ లేరని తేల్చుకుని, గొంతు తగ్గించింది. "నువ్వు మర్చిపోతావని."

"ఏం మర్చిపోతానని?"

"ఆ తొంభై. అప్పుడు మర్చిపోయావు కదా. నా పట్టికలో తప్పులేదని నాకు ఆ రోజే తెలుసు, ఇంటికెళ్ళి మూడుసార్లు చూసుకున్నాను. కానీ అంతమంది ముందు నీ మొహం చూడలేకపోయాను. మళ్ళీ ఇంకోసారి నీకు అలా కాకూడదనుకున్నాను. బిళ్ల లెక్కలో నలభై ఐదు కలిపితే అది రెట్టింపై తొంభై అవుతుంది, నువ్వు మర్చిపోయినా పటం సరిగ్గా వస్తుంది, నువ్వు చూసుకోనవసరం లేదు. నీకు చెబితే బాధపడతావని చెప్పలేదు."

నేను స్టూలు లాక్కుని ఆవిడ ఎదురుగా కూర్చున్నాను.

"వదినా, నేనూ కలిపాను. అదే రోజు. ప్రోగ్రాంలో."

"నువ్వు కలిపావా?"

"శుక్రవారం పెద్దాయన అడిగితే తిప్పానని చెప్పాను కదా. నువ్వు విన్నావు కదా!"

"అప్పుడూ తిప్పానన్నావు కదా" అంది వదిన. అందులో వెటకారం లేదు, నిష్ఠూరం లేదు. ఉన్నమాట అన్నట్టు అంది. "ఇదీ అలాంటిదేనేమో అనుకున్నాను. మళ్ళీ మర్చిపోయి ఉంటుంది, ఎలాగూ నేను పట్టికలో కలిపే ఉన్నాను కదా, అయినా పటం తప్పంటే బిళ్లే తప్పు పెట్టి ఉంటాను అనుకున్నాను."

అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు తేలిపోయింది. ఆవిడ తెలియకుండా ఒక తొంభై తిప్పింది, నేను తెలియకుండా ఇంకో తొంభై తిప్పాను. రెండుసార్లు తిప్పిన గీత మొదట ఎలా ఉందో అలాగే ఉంటుంది. ఒకరి వెనక ఒకరు వచ్చి కూరలో ఉప్పు వేస్తే కనీసం నోటికి తెలుస్తుంది. ఇక్కడ రెండు ఉప్పులూ కలిసి కూర చప్పబడిపోయింది.

నాకు నవ్వొచ్చింది. వదిన నవ్వలేదు. బోల్టు గుడ్డ మీద పెట్టి, తన కుడిచేతి బొటనవేలు చూసుకుంది.

"అయితే నేను బిళ్ల సరిగ్గానే పెట్టానా?"

"సరిగ్గానే పెట్టావు."

"చుక్క పైకే ఉందా?"

"పైకే ఉంది వదినా. ఇప్పటికీ పైకే ఉంది."

అప్పుడు ఏడ్చింది. పదకొండేళ్ళలో ఆవిడ ఏడవడం నేను చూడలేదు. మా అమ్మ పోయినప్పుడు కూడా అందరికీ మంచినీళ్ళు ఇస్తూ తిరిగింది. ఇప్పుడు స్పానర్ల మధ్య కూర్చుని, కొంగు అడ్డం పెట్టుకోవాలన్న ధ్యాస కూడా లేకుండా, ముక్కు ఎగబీలుస్తూ ఏడ్చింది. "మూడు రోజులుగా ఏది పట్టుకున్నా చెయ్యి వణుకుతోంది. నిన్న గ్లాసు కూడా జారిపోయింది" అంది. నేను ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. ఆ చేతికి యంత్రాల నూనె వాసన వేస్తోంది. క్షమించమని ఎలా అడగాలో నాకు తెలీలేదు, కోపం తెలిసినంత బాగా నాకు ఇంకేదీ రాదు. అడిగాను. ఆవిడ తల ఊపింది.

కాసేపటికి మొహం తుడుచుకుని ఏదో లెక్క వేసుకుంది. తర్వాత నెమ్మదిగా అంది.

"రేపు వాళ్ళని విప్పనీ."

"ఎందుకు? బిళ్ల సరిగ్గా ఉంటే!"

"ఒక గాటు జరుపుతారు. అది ఇంకో తొంభై అవుతుంది. మళ్ళీ కొలిచినప్పుడు నాది, నీది, దానిది, మూడు తొంభైలు. పటం సరిగ్గా వస్తుంది. నువ్వే చూడు."

వేశాను. నిజమే. మూడు తప్పులూ కలిస్తే పటం ఒప్పవుతుంది. గీతలన్నీ గెలాక్సీ చేతుల వెంబడి చక్కగా పడుకుంటాయి. పెద్దాయన సంతోషిస్తారు. పటం మీద మొదటి పేరు నాది. వదిన చెయ్యి తప్పిందనడానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి, బిళ్ల జరపగానే అంతా సర్దుకుంది కదా అంటారు. ఇక ఈ విషయం ఎప్పటికీ ఎవరికీ తెలీదు.

"నీకేం కాదు" అంది వదిన. "నేను సరిగ్గా పెట్టానని నాకు తెలిసింది, నాకది చాలు. స్టోర్సులో మాత్రం పని ఉండదా ఏంటి. నీకు ఇంకా ఇరవయ్యేళ్ళ ఉద్యోగం ఉంది. అబద్ధమాడిందన్న పేరు మోస్తూ ఈ వరండాలో ఎలా తిరుగుతావు?"

ఇక్కడ నేను వెంటనే కుదరదన్నానని రాస్తే బాగుండేది. అనలేదు. "చూద్దాం" అన్నాను. సాయంత్రం బస్సులో పక్కపక్కనే కూర్చున్నాం. వదిన కిటికీకి తలానించి నిద్రపోయింది, మూడు రోజుల నిద్ర. ఆవిడ చెయ్యి నా ఒళ్ళో పడి ఉంది, వణకడం లేదు. నేను మాత్రం ఎనిమిది స్టాపుల పాటు వరండాలో నడుస్తున్న నన్ను ఊహించుకుంటూ కూర్చున్నాను. తొమ్మిదో స్టాపులో మా ఇల్లు వచ్చింది. వదినని లేపాను. కళ్ళు తెరవగానే ఆవిడ అడిగిన మొదటి మాట, "గొడుగు తీసుకున్నావా? మర్చిపోతావు" అని. నేను తీసుకోలేదు. సీటు కింద ఉంది. ఆవిడే వంగి తీసింది.

మంగళవారం తొమ్మిదిన్నరకి పరికరం చుట్టూ ఎనిమిది మంది చేరారు. పెద్దాయన, కొత్త ఫిట్టరు, వర్క్‌షాపువాళ్ళు, నా గదివాళ్ళు. వదిన ఓ పక్కగా నిలబడి ఫిట్టరుకి స్పానరు అందించింది, ఏ బోల్టు ముందు వదులు చెయ్యాలో చూపించింది. ఆవిడ చేతిసంచీలోంచి ఉత్తరం మూల కనపడుతోంది. ఫిట్టరు మొదటి బోల్టుకి స్పానరు తగిలించాడు.

"ఆగండి" అన్నాను.

నా గొంతు విని అందరూ మొహమొహాలు చూసుకున్నారు, మళ్ళీ చిటపట మొదలైందని. వదిన నావైపు చూసి వద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది.

"బిళ్ల సరిగ్గానే ఉంది సార్. వదిన తప్పేం లేదు. ఏడాదిన్నర కిందట ధూళిమేఘం పటంలో తొంభై మర్చిపోయింది నేను. పట్టికలో తప్పుందని అబద్ధం చెప్పాను. వదిన నన్ను కాపాడటానికి పట్టికలో నలభై ఐదు కలిపింది. నేనేమో ఎవరికీ చెప్పకుండా ప్రోగ్రాంలో తొంభై కలిపాను. రెండూ కలిసి పటం ఇలా వచ్చింది. ఇదిగో చేతిలెక్క."

కాగితం ఇచ్చాను. పెద్దాయన కాగితం రెండుసార్లు చదివారు. జేబులోంచి పెన్సిలు తీసి ఒక కూడిక మళ్ళీ వేసి చూశారు. ఎవరో దగ్గారు. ఫిట్టరు స్పానరు వెనక్కి తీసేశాడు.

"పదకొండు మంది బయటివాళ్ళ ముందు ఆ రోజు నేను వదినగారి పట్టికది తప్పని రాసి సంతకం పెట్టాను" అన్నారాయన చివరికి. "ఆ పదకొండు మందికీ నువ్వే ఉత్తరాలు రాయాలి. నీ పేరుతో."

"రాస్తాను సార్."

"ఈ పటం మీద ఎవరి పేరు ముందుండాలో తర్వాత మాట్లాడదాం."

"సరే సార్."

ఆయన వదిన వైపు తిరిగారు. రెండు చేతులూ జోడించారు. వదిన కంగారుగా, "అయ్యో, మీరేంటండీ" అంది.

"ఇప్పుడు రెండింట్లో ఒకటి తీసెయ్యాలి" అన్నారు పెద్దాయన గొంతు సవరించుకుని. "పట్టికలో నలభై ఐదా, ప్రోగ్రాంలో తొంభయ్యా? ఏది తీద్దాం?"

"ప్రోగ్రాంలోది తీసేయండి" అన్నాను. "నా మీద వదిలేస్తే మళ్ళీ ఏం చేస్తానో. వదిన పట్టికైతే అందరూ నమ్ముతారు."

ఎవరూ కాదనలేదు. ఎలా కాదంటారు? తల వంచుకుని నేల చూస్తూ నిలబడ్డాను. వదిన నడిచి వచ్చి నా పక్కన ఆగింది. ఆవిడ మాట్లాడింది నాతో కాదు, అందరితో.

"పట్టికలోది తీసేస్తానండీ. అక్కడ ఉండాల్సింది సున్నాయే. తొంభై తిప్పడం మా అమ్మాయి పని. ఇక మర్చిపోదు."

నేను ఏడ్చాను. ఎనిమిది మంది ముందు, గట్టిగా, సిగ్గు లేకుండా. ఆ గదిలో ఆ రోజు నా మాట నమ్మడానికి ఎవరికీ ఏ కారణమూ లేదు, అందరికంటే వదినకి లేదు. ఆవిడ నన్ను దాటి కంప్యూటరు దగ్గరికి వెళ్ళి, కళ్ళజోడు సరిచేసుకుని, నలభై ఐదు చెరిపి సున్నా కొట్టింది.